చచ్చిన ఫ్రిజ్జు పంపకం

ఇంటి పంపకంలో గిన్నెలూ కుర్చీలూ ఎంబ్రాయిడరీ మిషన్లూ చెరిసగం చేసుకున్నట్టే, తోడికోడళ్ళిద్దరూ కంప్యూటరు డిస్కుల్ని కూడా చెరిసగం చేసుకున్న సంగతి చదివారు కదా. మొత్తం నాలుగు డిస్కులు. ఎరుపు చుక్కది, ఊదా చుక్కది పెద్దకోడలికి. గులాబి చుక్కది, తెల్ల చుక్కది చిన్నకోడలికి. అవి కాపురమున్న చచ్చిన ఫ్రిజ్జు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. దాన్ని అత్తగారి గదిలో వదిలేస్తే, ఆవిడ అందులో దుప్పట్లు సర్దుకుంది.

ఆ పంపకం జరిగిన రోజు పెద్దకోడలి మొగుడు ఊళ్ళో లేడు. ఫ్రిజ్జులు బాగుచేసే పని అతనిది. చేపల గోదాములో చల్లమిషను మూలుగుతోందంటే వెళ్ళాడు. ఎవరెంత అరిచినా కరగడని అందరూ అతన్ని ఐసుగడ్డ అంటారు. ఫ్రిజ్జులో ఆ డిస్కులు అమర్చింది అతనే. తిరిగొచ్చి, పంపకం కథంతా విని, బూట్లు విప్పుకుంటూ చెప్పిన మాటతో పోయిన వారం కథ ఆగింది. నాలుగు డిస్కుల్లో నాలుగు రకాల సరుకు లేదు. ఉన్నదంతా ముక్కలు చేసి నాలుగింటికీ పంచి పెట్టాడు. ఒక డిస్కు చచ్చినా మిగతా మూడూ కలిసి మొత్తం చెప్పేస్తాయి. రెండు పోతే మాత్రం మిగిలిన రెండూ మూగవే.

"చెరో రెండు తీసుకున్నారు. బాగా పంచుకున్నారు," అని చెప్పి అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటతో ఇల్లు రెండు శిబిరాలైపోయింది. ఎవరి చేతికి ఎదుటివాళ్ళది ఇంకొక్క డిస్కు వస్తే వాళ్ళదే రాజ్యం. రెండోవాళ్ళ దగ్గర మిగిలే ఒక్కటి తలుపు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇక ఇవాళ్టి సంగతి. ఇవాళ మధ్యాహ్నం బట్టల కంపెనీ సూపర్‌వైజరు వస్తానని కబురు పెట్టాడు. వాళ్ళు తెగ మెచ్చుకున్న మెలిక తీగ డిజైను నాదంటే నాదని ఇద్దరూ అంటున్నారు కనుక, దాని మొట్టమొదటి చిత్తు ఎవరిదో కంప్యూటర్లో చూపించమన్నాడు. చూపించినవాళ్ళకే ఈ ఏడాది పని. రెండోవాళ్ళు ఆ తీగని తమ మిషన్ల మీంచి తీసెయ్యాలి. తీగ పోతే ఆ ఇంట్లో మిషన్లకి ఇంకేం పని ఉండదు. ఆ చిత్తు, గీసినవాళ్ళ పేరుతో సహా, ఉన్నది నాలుగు డిస్కుల మధ్యన, ముక్కలై.

పెద్దకోడలికి అనుమానం అన్నదే లేదు. తీగ తనది. పెళ్ళైన కొత్తలో అడ్డగోలుగా పూలు గీసుకుంటున్న చిన్నకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, మౌసు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పింది తను. నేర్చుకున్న చెయ్యే ఇవాళ నేర్పిన చేతిని కరుస్తోంది. పాముకి పాలు పోసి పెంచడమంటే ఇదేనని వీధిలో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పింది. ఆ మాట గోడ దాటి చిన్నకోడలికి చేరింది. పాము కాటేస్తే తప్ప ఆవిడ నిద్ర లేవదని అటునుంచి జవాబొచ్చింది.

చివరికి అత్తగారు కలగజేసుకుని, పొద్దున్నే రెండు గుమ్మాల ముందూ నిలబడి ఒకటే మాట చెప్పింది. ఎవరూ ఎవరింటికీ పోనక్కర్లేదు. ఫ్రిజ్జు తన గదిలో ఉంది. ఎవరి రెండు వాళ్ళు పట్టుకొచ్చి, పెద్దాడి చేత అందులో పెట్టించి, అందరి ముందూ తెరిపించండి. రానివాళ్ళదే దొంగతనం.

అత్తగారి గది రెండు వాటాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక కిటికీ, ఒక మంచం, ఒక బల్ల. ఆవిడ రోజూ పొద్దున పెద్దకోడలి వాటాలో, మధ్యాహ్నం చిన్నకోడలి వాటాలో కూర్చుని, మిషను మీంచి దిగిన గుడ్డలకి వేలాడే దారప్పోగులు కత్తిరిస్తుంది. ఇద్దరి దగ్గరా తిని, ఇద్దర్నీ తిట్టేది ఆవిడొక్కతే. చిన్నకొడుకు పొద్దున్నే మిషను సామాను కొనాలని బజారుకి పోయాడు. గొడవ వాసన తగిలితే చాలు, అతనికి బజారులో పని పడుతుంది.

పెద్దకోడలు అడుగు పెట్టేసరికి దుప్పట్లన్నీ మంచం మీద గుట్టగా ఉన్నాయి. అత్తగారు ఆ గుట్టకి ఆనుకుని, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని కత్తెర ఆడిస్తోంది. ఐసుగడ్డ ఫ్రిజ్జు ముందు గొంతుక్కూర్చున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది. చాన్నాళ్ళ తర్వాత పెద్దకోడలు దాని లోపలికి చూసింది. కింద కంప్రెసరు ఉండాల్సిన చోట చిన్న ఫ్యాను. తలుపుకి సీసాలు పెట్టుకునే అరల్లో, సీసాల బదులు డిస్కులు నిలబెట్టడానికి రబ్బరు ముక్కలు అంటించాడు. గుడ్లు పెట్టుకునే గుంటల్లోంచి వైర్లు దిగి వెనకున్న చిన్న బోర్డులోకి పోతాయి. ఎవరైనా చూసి నవ్వితే, దుమ్ముకీ చీమకీ ఈ తలుపు రబ్బరుని మించిన కాపలా ఉందా అని అడిగేవాడు.

చిన్నకోడలు అప్పటికే వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డ సంచి. పెద్దకోడలిని చూసి చూడనట్టు, కిటికీ చువ్వలతో అన్నట్టు అంది, కొంతమందికి పిలిస్తే గానీ కాళ్ళు కదలవని.

పెద్దకోడలు కూడా గోడకే చెప్పింది. కొంతమంది పిలవకపోయినా వచ్చి, ఉన్నది ఊడ్చుకుపోతారని.

"గోడలకి చెవులుంటాయి గానీ నోరుండదు," అంది అత్తగారు తల ఎత్తకుండా. "డిస్కులు ఇవ్వండి."

పెద్దకోడలు కొంగులోంచి రెండు తీసి ఇచ్చింది. ఆ రెంట్లో ఎరుపు చుక్కదే అసలుది. ఊదా చుక్కది మొగుడి పాత సామాన్ల డబ్బాలోంచి ఏరుకొచ్చిన, అదే రకం, అదే సైజు పనికిరాని డిస్కు. చుక్క తను పెట్టింది.

అది మోసమని ఆవిడ అనుకోలేదు. ముందుచూపు అనుకుంది. చిన్నదానికి కోపమొస్తే ఒళ్ళు తెలీదు. తీగ తనది కాదని తేలిన క్షణంలో చేతికందింది నేలకేసి కొట్టే రకం. రెండూ తీసుకెళ్తే రెండూ నేలపాలు, నిజం కూడా వాటితోనే. ఒకటి ఇంట్లో ఉంటే, ఇది పగిలినా ఇంకా మూడు మిగులుతాయి. తెరవడానికి ఎలాగూ మూడు చాలు. చిన్నదాని రెండూ, తనదొకటీ. లెక్క సరిపోయింది.

ఐసుగడ్డ నాలుగూ అందుకుని ఒక్కోటీ దాని అరలో నిలబెట్టాడు. వైర్లు తగిలించాడు. తలుపు మూసి, పక్కనున్న బల్ల మీది మానిటరు వెలిగించి, స్విచ్చి నొక్కాడు. లోపల ఫ్యాను తిరగడం వినపడింది. తర్వాత డిస్కులు ఒకదాని వెనక ఒకటి గిర్రుమన్నాయి. పెద్దకోడలికి ఆ చప్పుడు చిన్నప్పటి జోలపాటంత అలవాటు. దాని పక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి గీసింది.

ఫ్రిజ్జు పైన ఒక దీపం ఉంటుంది. అన్నీ సరిగ్గా కలిస్తే పచ్చగా వెలగాలి. అది ఎర్రగా వెలిగింది. అలాగే ఉండిపోయింది. కాసేపటికి లోపలి బోర్డు కుయ్యి కుయ్యిమని మొత్తుకోవడం మొదలుపెట్టింది.

ఐసుగడ్డ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎరుపే. అతను మానిటరు వంక చూసి, ఫ్రిజ్జు తలుపు తీశాడు. తీసి, ముక్కు లోపలికి పెట్టాడు. ఏ ఇంటికెళ్ళినా అతని వైద్యం ముందు ముక్కుతోనే మొదలవుతుంది. గ్యాసు కారిందో, రబ్బరు కాలిందో, మోటారు మాడిందో వాసనే చెబుతుందంటాడు.

"అమ్మా, నువ్వూ ఓసారి చూడు."

అత్తగారు మంచం దిగకుండానే గాలి పీల్చింది. మూసిన ఫ్రిజ్జులో ఊరిన వాసన గదంతా పాకింది. గోళ్ళరంగు వాసన. నిన్నో మొన్నో వేసిన పచ్చి గోళ్ళరంగు.

"ఈ చుక్కలు నేను పెట్టి చాలా ఏళ్ళయింది," అన్నాడు ఐసుగడ్డ. "ఇంకా ఆరలేదంటే ఆశ్చర్యంగా ఉంది."

చిన్నకోడలు కిటికీ దగ్గర్నుంచి ఒక్క గెంతులో వచ్చింది. నాకు తెలుసు, నాకు ముందే తెలుసు, ఈవిడ గారి బుద్ధి ఇంతేనని అంటూ ఊదా చుక్క మీద గోరు పెట్టి గీకింది. రంగు పొరలాగా లేచొచ్చింది. చూశారా అత్తయ్యా, మీ పెద్దకోడలు ఎంత నిజాయితీపరురాలో అంది. పెద్దకోడలికి మొహంలోకి నెత్తురంతా వచ్చింది. అప్పుడు ఐసుగడ్డ ఇంకో అరలోంచి తెల్ల చుక్క డిస్కు తీసి, దాని మీద తన బొటనవేలితో రుద్దాడు. తెల్లరంగు అతని వేలికి అంటుకుంది. వేలు ఎత్తి చూపించాడు.

చిన్నకోడలు రెండడుగులు వెనక్కి వేసింది.

"మూడు కావాలి," అన్నాడు. "ఇద్దరూ కలిసి నాకు రెండు ఇచ్చారు."

మొదట అర్థమైంది అత్తగారికే. ఆవిడ నవ్వు చాలా అరుదు. వచ్చినా మొహం మీద కాక కత్తెరలో వస్తుంది. కత్తెర టకటకా ఆడింది. దొందూ దొందే అంది. ఒకే గంపలో కాయలు, ఒకే చోట పుచ్చు. ఎదుటిది మోసం చేస్తుందని ఇద్దరికీ తెలుసు గానీ, ఎదుటిదానికి కూడా తనలాగే బుర్ర ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు.

ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి. వాటన్నిటినీ ఇక్కడ రాస్తే కాగితం మాడిపోతుంది. పెళ్ళినాటి పెట్టెల దగ్గర్నుంచి మొన్నటి కరెంటు బిల్లు దాకా అన్నీ బయటికొచ్చాయి. నీ మొగుడు చేతగానివాడంటే నీ మొగుడు మాటరానివాడని అనుకున్నారు. ఆ మాటరానివాడు అక్కడే కూర్చుని స్క్రూలు బిగిస్తున్నాడు. చివరికి పెద్దకోడలు మొగుడి మీదికే తిరిగింది. తను చేసినదాంట్లో తప్పేముందని నిలదీసింది.

"మీరేగా ఎప్పుడూ గొంతు చించుకునేది. అన్నీ ఒకే చోట పెట్టకండి, ఒకటి వేరే చోట దాచండి అని. దాచాను."

ఐసుగడ్డ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"కాపీ దాచమన్నాను. నువ్వు ముక్క దాచావు."

"రెంటికీ తేడా ఏంటి?"

"కాపీ దాచుకుంటే, ఇక్కడ ఇల్లు తగలబడినా అక్కడ నీ పని నీకు దొరుకుతుంది. ముక్క దాచుకుంటే, ఇక్కడ ఇంకొకరికి దొరక్కుండా పోతుంది. అంతే." అతని గొంతులో మొదటిసారి వేడి కనపడింది. "నాలుగు తాళాలున్న బీరువా కూడా ఒక్క బీరువానే. ఇంకొకటి కొందాం, మొత్తం అందులో కూడా దింపి మీ పుట్టింట్లో పెడదాం అని ఎన్నిసార్లు అన్నాను? ఇద్దరూ ఏమన్నారు? నాలుగున్నాయిగా, ఇంకా ఎందుకన్నారు."

చిన్నకోడలు మెల్లగా, నాకిప్పుడు ఉపన్యాసాలొద్దు బావగారూ అంది. సూపర్‌వైజరు వచ్చే వేళవుతోంది. ఆవిడ దాచింది ఆవిడ తెస్తే నేను దాచింది నేను తెస్తానంది. ముందు నువ్వు తెమ్మంటే ముందు నువ్వని, ఇద్దరూ గడప దగ్గర ఒకరి దారికి ఒకరు అడ్డం నిలబడ్డారు. ఒకరు ఇంటికి వెళ్తే, ఆ కాస్త సేపట్లో రెండోవాళ్ళు ఫ్రిజ్జులోని రెండూ ఎత్తుకెళ్ళరని నమ్మకమేంటి?

అత్తగారు కత్తెరతో మంచం కోడు మీద కొట్టింది. ఇద్దరూ ఇక్కడే ఉండండి, పెద్దాడు వెళ్ళి తెస్తాడు, ఎక్కడ దాచారో చెప్పండి అంది.

శత్రువు ముందు దాపరికం చోటు చెప్పుకోవడమంటే నడివీధిలో నిలదీయించుకోవడమే. పెద్దకోడలు పళ్ళు బిగించి చెప్పింది. మిషను గదిలో, దారపు కండెల అట్టపెట్టెలో, బూడిదరంగు కండెల కింద. చిన్నకోడలు పైకి చూస్తూ చెప్పింది. ఇస్త్రీ బల్ల మీద పరిచిన కంబళి మడతలో.

ఐసుగడ్డ వెళ్ళాడు. వెళ్ళినంతసేపూ ఇద్దరూ ఒకరి చేతులొకరు కాపలా కాసుకున్నారు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు చేతులూ ఖాళీ.

"కండెలున్నాయి. కంబళి ఉంది. డిస్కులు లేవు."

పెద్దకోడలు పొద్దున కూడా కండెల కింద చెయ్యి పెట్టి చూసుకుంది, చల్లగా తగిలింది. ఇంత గొడవా చేసిన చిన్నదాని దగ్గరే తన రెండోది ముందే ఉందన్నమాట. తనది దొంగిలించి, దానిదీ పోయిందని నాటకం. ఆ మాటే పైకి అంది. చిన్నకోడలు కూడా సరిగ్గా అదే మాట, అదే క్షణంలో, ఒక్క అక్షరం తేడా లేకుండా అంది. పెద్దకోడలు జుట్టు ముడి బిగించుకుంది. చిన్నకోడలు కొంగు దోపింది.

"ఆగండే," అంది అత్తగారు.

దుప్పట్ల గుట్టలోకి చెయ్యి పెట్టింది. బయటికి తీసేసరికి ఆ చేతిలో రెండు డిస్కులున్నాయి. ఒకదాని మీద ఊదా చుక్క, ఒకదాని మీద తెల్ల చుక్క. వెలిసిపోయిన పాత చుక్కలు.

"పొద్దున ఒకరింట్లో, మధ్యాహ్నం ఒకరింట్లో కూర్చునేదాన్ని. మీరిద్దరూ ఏది దాచినా ఎక్కడ దాస్తారో నాకు తెలీదనుకున్నారా? బూడిదరంగు దారం ఈ ఏడంతా ఎవరూ అడగలేదే పెద్దదానా. దాని కిందైతే ఎవరూ చెయ్యి పెట్టరని నీకు తట్టింది. నాకూ తట్టింది."

ఐసుగడ్డ వాటి కోసం చెయ్యి చాచాడు. అత్తగారు ఇవ్వలేదు. ఒళ్ళోని గుడ్డ కింద పెట్టుకుంది. ముందు ఒక పని కావాలంది. పెట్టె తెరుచుకున్నాక నిజం ఎవరైనా చెబుతారు. తెరవకముందే ఇద్దరూ నోటితో చెప్పాలి, తీగ ఎవరు గీశారో. నోటి మాటా పెట్టెలో మాటా ఒకటైతే సరే. తేడా వస్తే, తేడా చెప్పినదాని రెండు డిస్కులూ అక్కడికక్కడే రెండోదానికి ఇచ్చేస్తుంది. ఆ పైన కాళ్ళు పట్టుకున్నా కదలదు. ఆవిడ అన్నదంటే అన్నట్టే. మొగుడు పోయిననాడు కూడా ఆవిడ మాట వెనక్కి తీసుకోలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

"పెద్దదానివి. నువ్వు ముందు."

"నేనే," అంది పెద్దకోడలు.

ఆలోచించే పనే పడలేదు. ఆ మాట ఎన్నో ఏళ్ళుగా నాలుక చివరే ఉంది. కొన్నవాళ్ళకి చెప్పింది, చుట్టాలకి చెప్పింది, సూపర్‌వైజరుకి చెప్పింది. అరిగి అరిగి నున్నబడ్డ మాట. దానంతటదే జారింది.

అత్తగారు తల ఊపి, చేతిలోని పోగు కత్తిరించడానికి గుడ్డని దగ్గరికి లాక్కుంది. అది మెలిక తీగ గుడ్డే. కత్తెర తీగ వెంట నడిచింది. నడిచి, ఎడమకి తిరిగింది. మళ్ళీ ఎడమకి. ప్రతి మెలికా ఎడమకే. పెద్దకోడలు ఆ కత్తెరని చూస్తూ ఉండిపోయింది. తను గీసిన ప్రతి తీగా కుడికి మెలిక తిరుగుతుంది. గోడ మీద వేలాడుతున్న పాత గుడ్డలన్నీ కుడికే తిరిగి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, తను గుర్తు చేసుకోవడం ఎప్పుడో మానేసిన రోజు. మిషను సూది వేలిలోంచి దూసుకుపోయి, కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టుతో ఉన్న రోజు. కుర్చీ వెనక నిలబడి, ఇంకొంచెం వంచు, ఇంకొంచెం అని చెప్పింది తను. కుర్చీలో కూర్చుని, మౌసు ఎడమచేత్తో పట్టుకుని వంచింది ఎవరో.

"చిన్నదానా, నువ్వు?" అంది అత్తగారు.

చిన్నకోడలు పెద్దకోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. అక్కా అని పిలిచి ఎన్నాళ్ళయిందో, ఆ పిలుపు ఇప్పుడు కూడా రాలేదు. నెమ్మదిగా ఎడమచెయ్యి ఎత్తి, అయిదు వేళ్ళూ విప్పి, ఆవిడ మొహం ముందు పెట్టింది.

ఆగండి అత్తయ్యా, అనాలనుకుంది పెద్దకోడలు. గొంతులో ఆ మాట ఇంకా తయారవుతూనే ఉంది. వీధి తలుపు ముందు ఎవరో కారు ఆపి, ఇల్లు ఇదేనా అని అడుగుతున్నారు. ఐసుగడ్డ అప్పటికే తల్లి చేతిలోంచి డిస్కులు అందుకున్నాడు. దొంగ డిస్కులు తీసేసి, ఊదా చుక్కది అరలో నిలబెట్టాడు. తెల్ల చుక్కది నిలబెట్టాడు. తలుపు మూసి స్విచ్చి నొక్కాడు.

ఒకటి గిర్రుమంది. రెండోది. మూడోది. నాలుగోది.

ఫ్రిజ్జు మీద దీపం ఎరుపు పోయి, పచ్చగా వెలిగింది.